రోడ్డు పక్క హిస్టరీ బోర్డులు: మీరు కారాపి చదివినవి చెప్పండి

అష్‌బర్న్_శ్రీను
శనివారం, ఉదయం 9:10

మా నాన్నగారు ఏప్రిల్‌లో వచ్చారు. తెనాలి దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడికొచ్చాక ఆయనకు నచ్చినవి రెండే. ఒకటి లైబ్రరీ. రెండోది రోడ్ల పక్కన స్తంభాల మీద నిలబెట్టే చరిత్ర బోర్డులు. వెండి రంగు పలక, నల్ల అక్షరాలు, నెత్తిన వర్జీనియా రాష్ట్ర ముద్ర, అవే. పన్నెండేళ్ళుగా ఇవే రోడ్ల మీద తిరుగుతున్నాను, ఒక్కటి చదివిన పాపాన పోలేదు. ఆయన మాత్రం కనపడ్డ ప్రతిదాని దగ్గరా "ఆపరా, ఆపరా" అంటారు. వెనకవాళ్ళు హారన్ కొడుతుంటే నాకు టెన్షన్, ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఆయన చదివే పద్ధతి కూడా వేరు. నేను పెద్దక్షరాల దగ్గర మొదలుపెడతాను. ఆయన వంగి, కళ్ళజోడు సర్దుకుని, అడుగున ఉన్న చిన్నక్షరాలు చూస్తారు. "శాసనమన్నాక వేయించిందెవడు, ఎప్పుడు వేయించాడు, ముందు అది తేల్చుకోవాలి. లోపల ఏం రాశాడన్నది ఆ తర్వాత" అంటారు.

పోయిన ఆదివారం లీస్‌బర్గ్‌లో డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్ మీద నడుస్తున్నాం. ఒకప్పటి రైలు కట్ట అది, ఇప్పుడు సైకిళ్ళ బాట. అక్కడ ఒక బోర్డు. 1889 నవంబరులో ఓరియన్ ఆండర్సన్ అనే నల్లజాతి కుర్రాణ్ణి, ఒక తెల్ల అమ్మాయిని భయపెట్టాడన్న నెపంతో, జైల్లోంచి లాక్కొచ్చి గూడ్స్ డిపో దగ్గర ఉరితీశారు. వయసు 14. ఆ బాట మీద మా అబ్బాయికి సైకిల్ నేర్పింది నేనే.

నాన్నగారు "తొమ్మిదో తరగతి పిల్లాడు" అన్నారు. ఆ బోర్డు పెట్టింది 2019లో. "నూట ముప్పై ఏళ్ళు పట్టిందన్నమాట" అని, ఇల్లు చేరేదాకా ఇంకేం మాట్లాడలేదు.

మీ ఊళ్ళ దగ్గర ఇలాంటివి ఏమున్నాయి? ఫలానా రోడ్డు, ఫలానా మలుపు అని చెబితే ఈ ఎండాకాలం ఆయన్ని తిప్పుతాను.

కేరీ_కబుర్లు
శనివారం, ఉదయం 10:02

శ్రీను గారూ, మీ నాన్నగారిని తీసుకుని నార్త్ కరొలైనా రండి. విల్మింగ్టన్ వెళ్ళండి. మేం బీచ్ కోసం ఏటా వెళ్ళేవాళ్ళం, ఊళ్ళోకి ఎప్పుడూ వెళ్ళలేదు. ఒకసారి వాన పట్టుకుంటే పొద్దుపోక వెళ్ళాం.

1898 నవంబరు 10న అక్కడ ఆయుధాలు పట్టుకున్న తెల్లజాతి గుంపు నల్లవాళ్ళ పత్రిక ఆఫీసును తగలబెట్టింది. పత్రిక పేరు డైలీ రికార్డ్, ఎడిటర్ అలెక్స్ మాన్లీ. ఎంతమందిని చంపారో లెక్క తేలలేదు. అదే ఊపులో ఎన్నికైన నగర పాలకవర్గాన్ని బెదిరించి దించేశారు, గుంపును నడిపించినవాడే మేయరయ్యాడు.

నా దృష్టి పడింది మాటల మీద. 1994లో మాన్లీ పేరున పెట్టిన బోర్డులో ఈ సంగతిని రేస్ రయట్ అని రాశారు, అదీ కొటేషన్ గుర్తుల మధ్య. అంటే మన పేపర్లలో "అల్లర్లు", "ఘర్షణ" అని రాసేస్తారు చూడండి, ఎవరు ఎవర్ని కొట్టారో తెలియకుండా, అలాగ. 2019లో పెట్టిన బోర్డుకు హెడ్డింగే విల్మింగ్టన్ కూ. కుట్ర చేసి ప్రభుత్వాన్ని కూలదోయడం అని సూటిగా. జరిగింది మారలేదు, ఇరవై అయిదేళ్ళలో మాట మారింది. మీ నాన్నగారన్నట్టు సంవత్సరం చూడకపోతే ఈ తేడా తెలిసేది కాదు.

వాదన_వద్దు
శనివారం, ఉదయం 10:31

ఏమీ అనుకోవద్దు గానీ, బీచ్‌కి వెళ్ళి బోర్డులు చదవడమేంటండీ. నేను చూసినవన్నీ "జార్జ్ వాషింగ్టన్ ఈ ఇంట్లో ఒక రాత్రి పడుకున్నాడు" రకమే. ఫలానా జనరల్ ఈ వాగు దాటాడు, ఫలానా జనరల్ దాటలేకపోయాడు. మా జార్జియాలో అయితే అంతర్యుద్ధంలో 1864 నాటి పోరాటాల మీద అడుగుకో బోర్డు. గుర్రం ఎక్కడ నీళ్ళు తాగిందో కూడా రాస్తారేమో.

పిట్స్‌బర్గ్_పాపారావు
శనివారం, మధ్యాహ్నం 12:15

వాదన వద్దు అని పేరు పెట్టుకుని వాదనకు దిగారు, బాగుంది 🙂 మీరన్నదాంట్లో సగం నిజముంది. అంతర్యుద్ధంలో పెద్ద పోరు జరిగిన గెట్టిస్‌బర్గ్ ఒక్కచోటే స్మారకాలు, ఫలకాలు కలిపి 1,300 పైన ఉన్నాయి. ఎవరి రెజిమెంటు వాళ్ళు వచ్చి, మేం ఇక్కడ నిలబడ్డాం అని రాళ్ళు పాతుకున్నారు.

కానీ ఒక్క సంగతి చాలామందికి తెలియదు. ఈ బోర్డులన్నిటికీ పైన ఒక ప్రభుత్వం, ఒక సంస్థ అంటూ లేదు. రాష్ట్రాలవి కొన్ని, కౌంటీలవి కొన్ని, చర్చిలవి, క్లబ్బులవి, స్థానిక చరిత్ర సంఘాలవి కొన్ని. సొంత స్థలంలో సొంత డబ్బుతో ఎవరైనా పాతుకోవచ్చు. అన్నీ ఒకేలా లోహపు పలక మీద గంభీరంగా ఉంటాయి కాబట్టి అన్నీ సర్కారువే అనుకుంటాం. 2024లో నేషనల్ పబ్లిక్ రేడియో వాళ్ళు దేశం మొత్తమ్మీద 1,80,000 పైచిలుకు మార్కర్ల సమాచారం ముందేసుకుని పరిశీలించారు. తప్పులు, అబద్ధాలు, దయ్యాల కథలు అన్నీ బయటపడ్డాయి.

సర్కారు బోర్డు అయినంత మాత్రాన నిజమే చెబుతుందనీ కాదు. మా ఊళ్ళో మూడు నదులు కలిసేచోట పాయింట్ స్టేట్ పార్క్ ఉంది. తెలుగువాళ్ళెవరొచ్చినా వెంకటేశ్వరస్వామి గుడి తర్వాత నేను తీసుకెళ్ళేది అక్కడికే. 1758లో జనరల్ ఫోర్బ్స్ ఫ్రెంచివాళ్ళ మీద గెలిచిన సందర్భంగా అక్కడో ఫలకం ఉండేది. ఆ గెలుపు అమెరికాలో "ఆంగ్లో శాక్సన్ ఆధిపత్యాన్ని" నిలబెట్టిందని అందులో రాసుంది. ఎన్నిసార్లు దాని పక్కన నిలబడి ఫొటో దిగామో! రాష్ట్ర చారిత్రక కమిషన్ తన బోర్డులన్నీ తిరగేసి చూసుకున్నప్పుడు తీసేసినవాటిలో అదొకటి.

అష్‌బర్న్_శ్రీను
శనివారం, మధ్యాహ్నం 1:40

పాపారావు గారూ, ఇది నాన్నగారికి చదివి వినిపించాను. "ఫొటో ఉందా, ఉంటే పంపమను, ఫలకం పోయినా సాక్ష్యం ఉంటుంది" అన్నారు.

మా వర్జీనియా కథ చూడండి. ఇక్కడ ఈ బోర్డులు 1927లో మొదలయ్యాయి, దేశంలో పాతవాటిలో ఒకటి. మొదటి వరస రూట్ 1 మీద, రిచ్‌మండ్‌కీ ఫ్రెడెరిక్స్‌బర్గ్‌కీ మధ్య. చరిత్ర మీద ప్రేమే కాదు, అప్పుడప్పుడే కార్లొచ్చాయి, కార్లలో తిరిగే జనాన్ని, వాళ్ళ జేబుల్ని రాష్ట్రంలోకి రప్పించాలి. అందుకే ఆ కాలంలో రాసిన బోర్డుల్లో ఎక్కువ భాగం వలసకాలం పెద్దమనుషులు, అంతర్యుద్ధం సేనానులు.

అప్పటి గవర్నర్ హ్యారీ బర్డ్. ఈయనే తర్వాత సెనేటరై, 1950ల్లో నల్ల పిల్లల్ని తెల్ల పిల్లల బళ్ళలో చేర్చుకోకూడదని మాసివ్ రెసిస్టెన్స్ నడిపించాడు. నేను రోజూ ఆఫీసుకు వెళ్ళే రూట్ 7 పేరు నిన్న మొన్నటిదాకా హ్యారీ బర్డ్ హైవే. మా కౌంటీ ఆ పేరు తీసేసి లీస్‌బర్గ్ పైక్ అని పెట్టింది. ఆయన హయాంలో మొదలైన బోర్డుల పథకం మాత్రం అలాగే సాగుతోంది. ఇప్పుడు 2,600 దాటాయి. రిచ్‌మండ్‌లో 2017లో పెట్టినదాంట్లో రిచర్డ్, మిల్‌డ్రెడ్ లవింగ్ కథ ఉంది. తెల్ల అబ్బాయి, నల్ల అమ్మాయి పెళ్ళి చేసుకుంటే నేరమన్న చట్టాన్ని 1967లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి కొట్టేయించినవాళ్ళు. బర్డ్ గారు చూస్తే ఏమనేవారో.

లక్ష్మి_ఎడిసన్
శనివారం, సాయంత్రం 4:05

న్యూజెర్సీలో మా ఎడిసన్ ఊరి సంగతి ఎవరూ ఎత్తరేం? ఓక్ ట్రీ రోడ్‌లో దోసె తిని వెళ్ళిపోతారు అందరూ. కాస్త ముందుకొస్తే మెన్లో పార్క్‌లో ఎడిసన్ టవర్ ఉంది, 131 అడుగులు, పైన పెద్ద బల్బు. ఆయన బల్బు కనిపెట్టిన లాబొరేటరీ చోటే అది. దాని పక్క వీధి క్రిస్టీ స్ట్రీట్ చూడ్డానికి ఏమీ ఉండదు, మామూలు ఇళ్ళ వీధి. కానీ బల్బులతో వెలిగిన మొట్టమొదటి వీధుల్లో ఒకటట.

ఇంకోటి. ఆ పక్కనుంచి పోయే రూట్ 27 పేరు లింకన్ హైవే. 1913లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా అని గీసిన రోడ్డు. 1928 సెప్టెంబరు 1న, ఒక్కరోజులో, దేశం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బాయ్ స్కౌట్ పిల్లలు సుమారు 3,000 కాంక్రీటు స్తంభాలు పాతారు. ఒక్కోదాని మీద లింకన్ బొమ్మ బిళ్ళ, ఎటు వెళ్ళాలో బాణం గుర్తు. మావాడు స్కౌట్స్‌లో ఉన్నాడు. వాడికి ఈ మాట చెబితే "ఒక్కరోజులోనా? మాకు టెంటు వేయడానికే సగం రోజు పడుతుంది" అన్నాడు.

పిట్స్‌బర్గ్_పాపారావు
శనివారం, సాయంత్రం 4:22

లక్ష్మి గారూ, చిన్న సవరణ. బల్బు కనిపెట్టింది ఎడిసన్ కాదు, అంతకుముందే చాలామంది వెలిగించారు, నిమిషాల్లో ఆరిపోయేవి. 1879లో ఆయన చేసింది గంటలకొద్దీ వెలిగే, ఇళ్ళలో వాడుకోదగ్గ బల్బు.

లక్ష్మి_ఎడిసన్
శనివారం, సాయంత్రం 4:30

సరే మాస్టారూ. మా ఊరి పేరు మాత్రం మార్చమనకండి.

డల్లాస్_బాబాయ్
శనివారం, రాత్రి 8:50

లెక్కలంటే మా టెక్సస్ ముందు ఎవరూ ఆగరు, 16,000 పైన ఉన్నాయి మాకు. గన్నుల దొంగ ఉరిపడ్డ చెట్టు నుంచి చిల్లీ సాస్ దాకా దేనికైనా బోర్డు పెట్టేస్తారని నేనూ నవ్వుకునేవాణ్ణి.

కొన్నేళ్ళ కిందట బిగ్ బెండ్ పార్కుకు వెళ్తూ మార్ఫాకు పడమర 90వ నంబరు రోడ్డు మీద బండి ఆపాను. చుట్టూ మైళ్ళకొద్దీ ఏమీ లేదు, గడ్డి, ఫెన్సింగు, గాలి. అక్కడ పోర్వెనీర్ అని బోర్డు. 1918 జనవరి 28 తెల్లవారుజామున టెక్సస్ రేంజర్లు (రాష్ట్ర పోలీసు దళం), కొందరు పశువుల ఫారాలవాళ్ళు, సైనికులు కలిసి రియో గ్రాండె ఒడ్డున ఉన్న ఆ పల్లెకు వెళ్ళి, 15 మంది మెక్సికన్ మగవాళ్ళనూ పిల్లలనూ బయటికి తీసి కాల్చేశారు. మిగిలినవాళ్ళు నది దాటి పారిపోయారు. పల్లె లేకుండా పోయింది. బోర్డు పెట్టింది 2018లో, సరిగ్గా నూరేళ్ళకు. దాని మాటల మీద, తేదీ మీద కౌంటీ పెద్దలతో పేచీలు నడిచాకే అది నిలబడింది.

అలాగే తూర్పు టెక్సస్‌లో స్లోకమ్. 1910 జులైలో అక్కడ నల్లవాళ్ళను వేటాడి చంపారు. బాధితుల వారసులు ఏళ్ళ తరబడి తిరిగితే 2016లో బోర్డు పడింది. ఒకటి గమనించండి. జనరల్ వాగు దాటిన బోర్డు కోసం ఎవరూ చెప్పులరిగేలా తిరిగి ఉండరు.

వాదన_వద్దు
శనివారం, రాత్రి 9:15

బాబాయ్ గారూ, గౌరవంగానే అడుగుతున్నా. అన్నీ ఏడుపు బోర్డులేనా? మనం బతకడానికొచ్చిన దేశం ఇది. ఇక్కడివాళ్ళ పాత గొడవలు తవ్వుకుని మనకేంటి? వాళ్ళ తాతలు చేశారు, వాళ్ళ మనవలు చూసుకుంటారు. పిల్లలతో వెళ్ళేటప్పుడు ఇవన్నీ చదివించాలా?

డెల్టా_డ్రైవర్
ఆదివారం, ఉదయం 7:35

నేను మెంఫిస్‌లో ఉంటాను. ఉద్యోగరీత్యా నెలకు రెండుసార్లు మిసిసిపీ డెల్టాలోకి వెళ్ళాలి. పత్తి చేలు, తిన్నటి రోడ్లు, ఏసీ ఆపితే బతకలేని ఉక్క. మా కృష్ణా డెల్టావాడికి ఆ నేల కొత్తగా అనిపించదు. పై పోస్టుకు జవాబు చెప్పడం నాకు చేతకాదు. ఒక్క బోర్డు కథ చెబుతాను.

ఎమెట్ టిల్, షికాగో పిల్లాడు, 14 ఏళ్ళు. 1955 ఆగస్టులో చుట్టాలింటికి వచ్చాడు. మనీ అనే పల్లెలో కిరాణా కొట్టు నడిపే తెల్లావిడతో అమర్యాదగా మాట్లాడాడని ఆమె మొగుడు, అతని అన్న కలిసి రాత్రిపూట ఇంట్లోంచి ఎత్తుకెళ్ళి చంపి, మెడకు పత్తి మిల్లు ఫ్యాను కట్టి నదిలో పడేశారు. సమ్నర్ కోర్టులో జ్యూరీ గంట సేపు కూర్చుని ఇద్దర్నీ వదిలేసింది. వాళ్ళే తర్వాత ఒక పత్రికకు డబ్బు తీసుకుని, మేమే చంపామని చెప్పారు. తల్లి మామీ టిల్ శవపేటిక మూత తెరిచి ఉంచమంది, నా కొడుకును ఏం చేశారో లోకం చూడాలంది.

టాలహాచీ నది ఒడ్డున గ్రాబాల్ ల్యాండింగ్ దగ్గర గుర్తుగా ఒక బోర్డు పెట్టారు. 2008లో ఎవరో పీక్కుపోయారు. ఇంకోటి పెట్టారు. దాన్ని తుపాకులతో కాల్చారు, 317 తూట్లు. 2018లో మూడోది పెట్టారు, 35 రోజులకే దానికీ తూట్లు. 2019 అక్టోబరులో నాలుగోది పెట్టారు. ఇది బుల్లెట్ ప్రూఫ్, 500 పౌన్ల పైన బరువు. చరిత్ర బోర్డుకు బుల్లెట్ ప్రూఫ్ అద్దం! నేను వెళ్ళినరోజు మట్టిరోడ్డు మీద నా కారు తప్ప ఏమీ లేదు. దగ్గరికెళ్ళి పలక మీద చెయ్యి పెట్టి చూశాను, ఎండకు కాలిపోతోంది. పక్కన చేలో పురుగుమందు కొట్టే విమానం తిరుగుతోంది. 1955 అయిపోయిందని ఆ చోట నిలబడి అనుకోవడం కష్టం.

తూట్లు పడ్డ రెండో బోర్డును 2021లో వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో పెట్టారు. 2023లో ఆ నది ఒడ్డు జాతీయ స్మారకంలో భాగమైంది.

అష్‌బర్న్_శ్రీను
ఆదివారం, ఉదయం 10:20

డెల్టా డ్రైవర్ గారూ, మీ పోస్టు నాన్నగారు తనే చదువుకున్నారు, ఫోను నా చేతిలోంచి తీసుకుని. ఆయన మాటలే రాస్తున్నాను.

"మన దానశాసనాల అడుగున ఒక శాపం చెక్కేవాళ్ళు. స్వదత్తాం పరదత్తాం వా అని మొదలవుతుంది. తానిచ్చినదైనా, పరులిచ్చినదైనా, ఈ భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడు అని. రాజు పోయాక మన మాట ఎవడు వింటాడన్న భయం రాయి చెక్కించినవాడికి ఎప్పుడూ ఉండేది. వీళ్ళకు శాపాల మీద నమ్మకం లేనట్టుంది, అద్దం పెట్టుకున్నారు."

స్మిత్సోనియన్ మాకు మెట్రోలో గంట. వచ్చే శనివారం వెళ్ళి ఆ బోర్డు ఇప్పుడు అక్కడ చూపిస్తున్నారో లేదో కనుక్కుంటాం.

బేఏరియా_బుజ్జి
ఆదివారం, ఉదయం 11:48

మా కాలిఫోర్నియాలో మామ్మత్ లేక్స్‌కి స్నో చూడ్డానికి వెళ్ళేవాళ్ళు 395 హైవే మీద లోన్ పైన్ దాటాక మాన్జనార్ దగ్గర ఆగండి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సంతతివాళ్ళను, అందులో ఎక్కువమంది అమెరికా పౌరులే, 10,000 మందిని ముళ్ళకంచె వెనక పెట్టిన చోటు. 1973లో పెట్టిన ఫలకంలో కాన్‌సెంట్రేషన్ క్యాంప్ అన్న మాట ఉండాలా వద్దా అని పెద్ద రగడ జరిగింది. ఉండాల్సిందేనని పట్టుబట్టినవాళ్ళు గెలిచారు. తర్వాత ఎవరో ఆ మాట మీదే కసి తీర్చుకున్నారు, ఫలకం మీద గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

సీటెల్_రమణి
ఆదివారం, మధ్యాహ్నం 2:10

"మనకేంటి" అన్నారు కదా పైన ఒకాయన. ఆయన కోసం ఒకటి.

ఆరెగాన్‌లో కొలంబియా నది సముద్రంలో కలిసేచోట ఆస్టోరియా అనే చిన్న ఊరుంది. వందేళ్ళ కిందట అక్కడి కలప మిల్లులో పంజాబీ కూలీలు పనిచేసేవారు. 1913లో ఆ ఊళ్ళో జరిగిన సమావేశంలోంచే గదర్ పార్టీ పుట్టింది, బ్రిటిష్‌వాళ్ళను ఆయుధాలతో తరిమేయాలన్న పార్టీ. సమావేశానికి హాలిచ్చింది ఫిన్లాండు నుంచి వలసొచ్చిన సోషలిస్టు కార్మికులు. 2013లో, నూరేళ్ళయినప్పుడు, ఆ ఊరివాళ్ళే ముందుకొచ్చి ఉత్సవం చేసి ఫలకం పెట్టారు.

మన దరిశి చెంచయ్య గారు, కనిగిరి ఆయన, కాలిఫోర్నియాలో చదువుకుంటూ ఈ పార్టీలోనే చేరారు, తర్వాత జైళ్ళ పాలయ్యారు. ఆస్టోరియా ఫలకం దగ్గర నిలబడి మా అమ్మాయికి ఆయన కథ చెప్పాను. "మరి ఆయన పేరు ఇక్కడ లేదేం?" అంది. లేదు మరి.

ఇంకోవైపు ఇదీ చూడండి. మా ఉత్తరాన బెల్లింగ్‌హామ్‌లో 1907 సెప్టెంబరు 4న తెల్ల కూలీల గుంపు ఇదే పంజాబీ కూలీలను గదుల్లోంచి ఈడ్చి ఊరి నుంచి తరిమేసింది. 2018లో అక్కడ రాతి తోరణం కట్టారు. రెండు ఊళ్ళ మధ్య కొన్ని గంటల ప్రయాణం, అంతే.

మోడరేటర్
ఆదివారం, మధ్యాహ్నం 3:00

మంచి చర్చ. ప్రస్తుత ఎన్నికల మీద, పార్టీల మీద పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. బోర్డుల దగ్గరే ఉండండి.

పిట్స్‌బర్గ్_పాపారావు
ఆదివారం, సాయంత్రం 5:25

తమాషా సంగతి. ఇన్ని రాష్ట్రాల బోర్డులకు పోలిక ఎక్కడొచ్చిందో తెలుసా? చాలావాటిని పోతపోసేది ఒకే ఫౌండ్రీ, ఒహాయోలో మెరియెటా అనే ఊళ్ళో సీవా స్టూడియోస్. 1927లో హాస్ అనే ఆయన పెట్టాడు. ఆయన పేరు ఇంగ్లిషు అక్షరాలు వెనక నుంచి చదివితే కంపెనీ పేరు. అచ్చు అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో పలక మీద పేర్చి, ఇసుకలో అచ్చు తీసి, కరిగిన అల్యూమినియం పోస్తారు. మన దగ్గర కంచుపోత పోసేవాళ్ళ పద్ధతే దాదాపు. అక్షరం తప్పుపడితే తుడిచి దిద్దడం కుదరదు. మొత్తం మళ్ళీ పోయాల్సిందే.

కేరీ_కబుర్లు
ఆదివారం, రాత్రి 9:40

ఒకరు మెసేజ్‌లో అడిగారు, మనమూ బోర్డు అడగొచ్చా అని. అడగొచ్చు. వర్జీనియాలో అయితే బతికున్నవాళ్ళ మీద పెట్టరు, విషయం కనీసం 50 ఏళ్ళ పాతదై ఉండాలి, ఆధారాలు చూపించాలి, వంద మాటలకు అటూ ఇటూగా తేల్చేయాలి. పోతపోసే ఖర్చు అడిగినవాళ్ళదే, కొన్ని వేల డాలర్లు. అక్కడ బడి పిల్లలకు పోటీ పెట్టి, వాళ్ళు సూచించిన విషయాల మీద కూడా బోర్డులు వేశారు. 2021లో ఆసియావాళ్ళ చరిత్ర మీద పెట్టిన పోటీలోంచి వచ్చినదే కొరియా స్వాతంత్ర్య నాయకుడు కిమ్ క్యుసిక్ బోర్డు. ఆయన సేలంలో రోనోక్ కాలేజీలో చదివాడు.

డర్హమ్‌లో మా గుడికి వెళ్ళే దారిలో ఐస్‌క్రీమ్ కొట్టు బోర్డు ఉంది. 1957 జూన్‌లో ఏడుగురు నల్ల యువతీ యువకులు తెల్లవాళ్ళ వైపు కూర్చుని ఐస్‌క్రీమ్ అడిగి అరెస్టయ్యారు. పేరున్న గ్రీన్స్‌బరో సత్యాగ్రహం కంటే మూడేళ్ళు ముందు. ఇప్పుడక్కడ కొట్టు లేదు, బోర్డు ఒక్కటే.

డల్లాస్_బాబాయ్
ఆదివారం, రాత్రి 10:05

ఒక్క జాగ్రత్త. హైవే షోల్డర్ మీద ఆపకండి. నేనొకసారి ఆపితే ఒక పోలీసాయన వెనకే వచ్చి లైట్లేశాడు. "ఏం చేస్తున్నావిక్కడ" అంటే "చదువుతున్నాను సార్" అన్నాను. నమ్మడానికి ఆయనకు ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత ఆయనే దిగొచ్చి నాతోపాటు చదివాడు. ఇరవై ఏళ్ళుగా ఆ రోడ్డు మీదే డ్యూటీ అట.

వాదన_వద్దు
సోమవారం, రాత్రి 8:55

నిన్నంతా మీ పోస్టులు చదివాను, జవాబు రాయబుద్ధి కాలేదు. ఇవాళ ఆఫీసు నుంచి వస్తూ కమింగ్ అనే మా ఊరి డౌన్‌టౌన్‌లో కారు పెట్టి దిగాను. మాది ఫోర్సైత్ కౌంటీ. మా సబ్‌డివిజన్‌లో సగం మంది మనవాళ్ళే. సంక్రాంతికి ముగ్గులు, దసరాకు బతుకమ్మ, అన్నీ ఉంటాయి. ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగ్ చూశాం, పన్ను చూశాం, తూర్పు ముఖమా కాదా చూశాం.

కోర్టు చౌరస్తా దగ్గర బోర్డు ఉంది. 2021 జనవరిలో పెట్టారట. ఆరేళ్ళుగా దాని ముందు నుంచే లైసెన్స్ ప్లేట్ రెన్యువల్‌కి వెళ్తున్నా. 1912 సెప్టెంబరులో రాబ్ ఎడ్వర్డ్స్ అనే అతణ్ణి జైల్లోంచి లాగి చంపి అక్కడ వేలాడదీశారు. తర్వాత రెండు నెలల్లో కౌంటీలో ఉన్న నల్లవాళ్ళందర్నీ, 1,100 మంది దాకా, ఇళ్ళూ చర్చీలూ తగలబెట్టి తరిమేశారు. పొలాలు చాలామందివి అలాగే పోయాయి. ఆ తర్వాత 1980ల దాకా ఈ కౌంటీలో నల్లవాడన్నవాడు దాదాపు లేడు.

మా అబ్బాయి వెనక సీట్లో ఉన్నాడు. "వాట్ డజ్ ఇట్ సే, డాడీ" అన్నాడు. చదివి చెప్పాను. మొత్తం.

అష్‌బర్న్_శ్రీను
సోమవారం, రాత్రి 9:20

నాన్నగారు పక్కనే ఉన్నారు. అక్కడి నుంచి మీ ఇల్లు ఎంత దూరమని అడుగుతున్నారు.

వాదన_వద్దు
సోమవారం, రాత్రి 9:22

ఏడు నిమిషాలు.